మామూలు జ్వరమే అనుకున్నాం, నాన్న ఐసీయూ దాకా వెళ్ళొచ్చారు. ఫ్లూ టీకా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గాలిపటం_82

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాసింది తక్కువ. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నాన్నకు 68 ఏళ్ళు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటుంది. నెల కిందట జ్వరం ముందు నాకు వచ్చింది. పొద్దున శుభ్రంగా ఆఫీసుకు వెళ్ళినవాడిని, మధ్యాహ్నం మూడు కొట్టేసరికి ఎవరో కర్రలతో బాదినట్టు ఒళ్ళంతా నొప్పులు, వణుకు. ఇంటికొచ్చి చూసుకుంటే 103. రెండు రోజులు పారాసిటమాల్ మింగుతూ పడుకున్నాను. మూడో రోజు కొంచెం నయమనిపించి హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అదే హాల్లో నాన్న టీవీ చూస్తున్నారు. నాలుగో రోజుకు ఆయనకు అంటుకుంది.

ఆయనకు నా అంత జ్వరం కూడా రాలేదు. 100 దాటలేదు. అందుకే ఎవరం పట్టించుకోలేదు. ఐదు రోజులకు తగ్గింది, లేచి స్నానం చేసి పేపరు చదివారు. ఆ మర్నాడు రాత్రి మళ్ళీ జ్వరం, ఆయాసం. నన్ను చూసి మా బాబాయి పేరుతో పిలిచారు. నిద్రమత్తేమో అనుకున్నాను. వేలికి ఆక్సీమీటర్ పెడితే 86 చూపించింది. అప్పుడు పరుగెత్తాం.

తొమ్మిది రోజులు ఐసీయూ. ఫ్లూ తరవాత న్యుమోనియా అన్నారు. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న దాకా వెళ్ళి, పెట్టకుండానే గట్టెక్కారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, బాత్రూము దాకా నడిస్తే ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

డిశ్చార్జి రోజున డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్న ఇంకా నా చెవుల్లో ఉంది: "ఫ్లూ టీకా వేయించలేదా?" అలాంటిది ఒకటుందని తెలుసు కానీ అది మాలాంటి వాళ్ళకోసం అని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు నా సందేహం ఏమిటంటే, ఒకసారి వచ్చి పోయింది కదా, ఇంకా టీకా అవసరమా? వేస్తే ఎప్పుడు వేయాలి? నీరసంగా ఉన్న మనిషికి వేయొచ్చా?

వానాకాలం_చదువు

నాన్నగారు కోలుకుంటున్నందుకు సంతోషం అండి. కానీ ఒక మాట. జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దలే అన్నారు. ఫ్లూ అంటే ఏముంది, కొంచెం ముదిరిన పడిశం. ఒక్క కేసు చూసి అందరూ సూదులు పొడిపించుకోవాలంటే ఎలా?

నేను మూడేళ్ళ కిందట ఆ టీకా వేయించుకున్నాను. మర్నాడు జ్వరం. పది రోజుల తరవాత బ్రహ్మాండమైన దగ్గు, జలుబు. వేయించుకోని మా ఆవిడకు ఏమీ కాలేదు. ఇక ఆ జోలికి పోలేదు.

స్టెతస్కోపు

గాలిపటం గారూ, నేను జనరల్ ఫిజిషియన్‌ని. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయన మందుల విషయం ఆయన డాక్టరుకే వదిలేస్తాను. మిగతాది చెప్తాను.

మీరు రాసినదాంట్లో రెండు విషయాలు చదివేవాళ్ళందరూ గుర్తు పెట్టుకోవాల్సినవి. ఒకటి, పెద్ద వయసువాళ్ళలో జ్వరం ఎక్కువగా కొట్టకపోవచ్చు. ఒళ్ళు ఎదురు తిరిగే శక్తి తగ్గడం వల్ల థర్మామీటర్ మంచి కబురే చెప్తుంది, లోపల పరిస్థితి వేరేగా ఉంటుంది. రెండోది, "తగ్గింది, మళ్ళీ వచ్చింది" అన్నారు చూశారా, అది మాకు గంట కొట్టినట్టు వినిపించే మాట. ఫ్లూ వైరస్ గొంతు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్న లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర మీద సన్నటి నూగు లాంటిది ఉంటుంది, మురికినీ క్రిములనూ పైకి ఊడ్చేసేది అదే. అది పాడయ్యాక, మామూలుగా ముక్కులో గొంతులో ఊరికే ఉండే న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియాకు తలుపులు తెరిచినట్టే. వైరస్ వెళ్ళిపోతూ ఉంటుంది, జ్వరం దిగుతుంది. ఈలోగా బ్యాక్టీరియా కిందికి దిగుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే అయి ఉండొచ్చు.

మనుషుల్ని తికమకగా గుర్తుపట్టడం కూడా నిద్రమత్తు కాదండి. ఆక్సిజన్ తగ్గినప్పుడు, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకినప్పుడు పెద్దవాళ్ళలో ముందు కనిపించేది ఒక్కోసారి అదే.

టీకా అవసరమా అన్నారు. అవసరమే. ఒకే కాలంలో రెండు మూడు రకాల ఫ్లూ వైరస్‌లు తిరుగుతుంటాయి. ఒకటి వచ్చి పోతే దానిమీదే కొంత రక్షణ వస్తుంది, మిగతావాటి మీద గ్యారంటీ లేదు. ఆయన కోలుకుని, జ్వరం లేకుండా ఉన్నప్పుడు వేయించవచ్చు. నీరసం ఒక్కటే ఉంటే అడ్డంకి కాదు. వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. అలాగే న్యుమోకాకస్‌కు వేరే టీకా ఉంది, 65 దాటినవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు దాని గురించి కూడా అడగండి. రెండూ ఒకటి కాదు.

వానాకాలం గారికి విడిగా రాస్తాను, ఓపీకి టైమైంది.

పాత_పేపర్లు

"ముదిరిన పడిశం" అన్న మాట చూసి ఆగలేకపోయాను. 1918లో కూడా మొదట అలాగే అనుకున్నారు.

ఆ సంవత్సరం మొదలైన ఫ్లూ ప్రపంచ జనాభాలో మూడోవంతుకు సోకిందని, సుమారు 5 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఒక్క భారతదేశంలోనే కోటికి పైగా పోయారంటారు. దాన్ని స్పానిష్ ఫ్లూ అనడం స్పెయిన్‌కు జరిగిన అన్యాయం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల నోరు నొక్కాయి, స్పెయిన్ యుద్ధంలో లేదు కాబట్టి అక్కడి పత్రికలు ఉన్నదున్నట్టు రాశాయి. నిజం రాసినందుకు జబ్బుకు వాళ్ళ పేరు పడింది.

వింత ఏమిటంటే అప్పట్లో రోగ కారణమే ఎవరికీ తెలియదు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల్లో ఒక బ్యాక్టీరియా చూసి ఇదే దొంగ అన్నాడు. లోకం నమ్మింది. అసలు వైరస్‌ను మనుషుల నుంచి పట్టుకున్నది 1933లో, లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లైడ్లా అనే ముగ్గురు. ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు ముక్కులో రోగుల గొంతు కడిగిన నీళ్ళు వేస్తే దానికి మనలాగే తుమ్ములు, జ్వరం వచ్చాయి. ఇప్పటికీ ఫ్లూ పరిశోధనలో ఫెరెట్‌లదే పెద్దపీట.

తరవాత 1957, 1968, 2009... మొత్తం నాలుగు మహమ్మారులు. 1957లోనూ 1968లోనూ ఒక్కోసారి పది లక్షల మంది దాకా పోయారు.

వానాకాలం_చదువు

1918 కథలు బావున్నాయి సార్, అప్పుడు యాంటీబయాటిక్‌లు లేవు, ఆక్సిజన్ లేదు. ఇప్పుడవన్నీ ఉన్నాయిగా? నా జ్వరానికి జవాబు ఎవరూ చెప్పలేదు.

స్టెతస్కోపు

చెప్తాను. ఎక్కువమందికి వేసే ఇంజెక్షన్ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్‌ను చంపి, ముక్కలు చేసి, ఆ ముక్కల్లోంచి కావలసినవి తీసుకుంటారు. దాంతో ఫ్లూ రావడం జరిగే పని కాదు. కానీ ఆ ముక్కల్ని చూసి శరీరం యుద్ధానికి సిద్ధమవుతుంది కదా, దాని వేడే మీకు మర్నాడు వచ్చిన జ్వరం. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చెయ్యి నొప్పి కూడా అంతే. ముక్కులో కొట్టే స్ప్రే టీకా ఒకటుంది, అందులో నీరసపరిచిన వైరస్ ఉంటుంది. దాన్ని గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు ఇవ్వం.

పది రోజులకు వచ్చిన దగ్గు, జలుబు వేరే కథ. రెండు వారాలు నిండకముందే ఫ్లూ తగిలి ఉండొచ్చు. లేదా అది అసలు ఫ్లూనే కాకపోవచ్చు. జలుబు తెప్పించే వైరస్‌లు రెండొందలకు పైగా ఉన్నాయి. వాటికీ ఈ టీకాకూ సంబంధం లేదు. టీకాలు వేసే కాలమూ జలుబుల కాలమూ ఒకటే కావడంతో కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరుగుతాయి. తిట్లు కాకికి పడతాయి.

ఇక యాంటీబయాటిక్‌లు. అవి వైరస్ మీద పనిచేయవు. పైన చెప్పిన రెండో దశలో, బ్యాక్టీరియా వచ్చినప్పుడే పనికొస్తాయి. అన్ని వైద్యాలూ ఉన్న ఈ రోజుల్లో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 30 నుంచి 50 లక్షల మందికి ఫ్లూ తీవ్రంగా వస్తుంది, ఊపిరితిత్తుల సమస్యతో చనిపోయేవాళ్ళే 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది. మహమ్మారి వచ్చిన ఏడు కాదండి, మామూలు ఏడాది సంగతి.

నైట్‌డ్యూటీ

నేను ఐసీయూ నర్సుని. గాలిపటం తమ్ముడూ, నాన్నగారికి ఆయాసం రెండు మూడు నెలలు ఉండొచ్చు, కంగారు పడకు. రోజూ కొంచెం కొంచెం నడిపించు. పక్క మీదే ఉంచేయకు.

మేం చూసేది ఒకటి చెప్తాను. ఫ్లూ కాలంలో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లోవాళ్ళు అనేది ఒకటే మాట, "నిన్నటిదాకా బానే ఉన్నారండీ." అది అబద్ధం కాదు. ఫ్లూ అంత తొందరగానే తిరగబడుతుంది. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, పెదాలు నీలంగా మారడం, మూత్రం బాగా తగ్గిపోవడం, మాట తికమక, దిగిన జ్వరం మళ్ళీ ఎక్కడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పొద్దున దాకా చూద్దాం అనుకోవద్దు. పసిపిల్లల్లో అయితే డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, పాలు తాగకపోవడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం.

ఇంకోటి. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకండి. ఫ్లూలో దానివల్ల రేస్ సిండ్రోమ్ అని మెదడునూ లివర్‌నూ దెబ్బతీసే జబ్బు రావచ్చు. అరుదే, కానీ వస్తే ఘోరం.

చిట్టిపాప_అమ్మ

ఫ్లూ పూర్తి పేరు ఇన్‌ఫ్లుయెంజానే కదా, మా పాపకు పుట్టిన ఏడాదిలోనే "ఇన్‌ఫ్లుయెంజా" టీకా అయిపోయినట్టు కార్డులో ఉంది. మళ్ళీ వేయాలా?

స్టెతస్కోపు

అమ్మా, కార్డు ఇంకోసారి చూడండి. అందులో "హెచ్ఐబీ" అని ఉంటే అది ఫ్లూ టీకా కాదు. పైన పాత_పేపర్లు గారు చెప్పిన ఫైఫర్ తప్పు ఫలితం మీ చేతిలో ఉన్న కార్డులో ఉంది! ఆయన ఫ్లూకు కారణం అనుకున్న బ్యాక్టీరియాకు "హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే" అనే పేరు ఉండిపోయింది. అది పసిపిల్లల్లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటివి తెప్పిస్తుంది, హెచ్ఐబీ టీకా దానికి. ఫ్లూ టీకా వేరు.

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండాకే వేస్తారు. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు మొదటిసారి అయితే కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. తరవాత ఏడాదికి ఒకటి.

పాత_పేపర్లు

నూట ముప్పై ఏళ్ళ కిందటి పొరపాటు ఇంకా పిల్లల కార్డుల మీద తిరుగుతోందన్నమాట. ఈ కనెక్షన్ నాకూ తట్టలేదు డాక్టరు గారూ.

ఏడోనెల

నాకు ఏడో నెల. మా అత్తగారు కడుపుతో ఉండగా టీకాలేమిటని భయపడుతున్నారు. నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. వేయించుకోవచ్చా?

నైట్‌డ్యూటీ

వేయించుకోవచ్చమ్మా, ఏ నెలలోనైనా. ఇంజెక్షన్ మాత్రమే, స్ప్రే కాదు. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, గుండె మీద పని పెరుగుతుంది. అందుకే గర్భిణులకు ఫ్లూ వస్తే మామూలువాళ్ళ కన్నా తీవ్రంగా ఉంటుంది. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) వచ్చినప్పుడు ప్రపంచమంతా అది చూసింది. ఇంకో లాభం, పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా టీకా వేయడానికి ఉండదు కదా. నీలో తయారైన యాంటీబాడీలు బిడ్డకు అందుతాయి. ఆ ఆరు నెలలూ బిడ్డకు ఉండే రక్షణ అదే. అత్తగారికి ఈ ముక్క చెప్పు, ఒప్పుకుంటారు. వీలైతే ఆవిడనూ వేయించుకోమను.

లెక్కల_మాస్టారు

నాకొక అనుమానం. ఈ టీకా 40 నుంచి 60 శాతమే పనిచేస్తుందని చదివాను, అది కూడా టీకాలోని రకాలూ బయట తిరిగే రకాలూ బాగా సరిపోయిన ఏడాదిలో. నా విద్యార్థికి 40 మార్కులు వస్తే నేను సంబరపడను మరి.

స్టెతస్కోపు

మాస్టారూ, మీరే లెక్క వేయండి. ఉదాహరణకు టీకా లేకపోతే వందమందిలో పదిమందికి ఫ్లూ వస్తుందనుకుందాం. 50 శాతం పనిచేసే టీకా వేస్తే ఎంతమందికి?

లెక్కల_మాస్టారు

ఐదుగురికి. అంటే 50 శాతం అన్నది "వేసుకున్నవాళ్ళలో సగం మందికి ఫ్లూ వస్తుంది" అని కాదు. వచ్చే అవకాశం సగానికి తగ్గుతుందని. ఇన్నాళ్ళూ తప్పుగా చదువుకున్నాను, పిల్లలకు చెప్పకండి.

స్టెతస్కోపు

అదే. పైగా ఆ వచ్చిన ఐదుగురిలో కూడా ఆస్పత్రి దాకా, ఐసీయూ దాకా వెళ్ళేవాళ్ళు తగ్గుతారు. నేను నా పేషెంట్లకు "మీకు ఫ్లూ రాదు" అని ఎప్పుడూ చెప్పను. అలా చెప్పి టీకాలకు చెడ్డపేరు తెచ్చింది మావాళ్ళే. వస్తే ఐసీయూ దాకా పోవాల్సింది ఇంట్లో మంచం మీదే ఆగే అవకాశం పెరుగుతుంది, అంతవరకే నేను మాట ఇవ్వగలను.

పాత_పేపర్లు

ఏటా ఎందుకు వేయించుకోవాలి, ఏటా ఎందుకు ఒకేలా పనిచేయదు అనేది ఇంకా ఆసక్తికరం. ఫ్లూ వైరస్ పైన రెండు రకాల ముళ్ళు ఉంటాయి, హెచ్, ఎన్ అంటారు. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 పేర్లు వాటివల్లే. మన ఒంట్లో రక్షకభటులు గుర్తుపట్టేది ఈ ముళ్ళనే. వైరస్ తన జన్యువుల్ని నకలు తీసుకునేటప్పుడు చాలా అజాగ్రత్తగా తీస్తుంది, తప్పులు దొర్లుతూనే ఉంటాయి. ఆ తప్పులతో ముళ్ళ రూపం మెల్లగా మారుతుంది. నిరుడు చూసిన దొంగ ఈ ఏడు మీసం తీసేసి వచ్చినట్టు.

ఇది చిన్న మార్పు. పెద్దది ఇంకోటుంది. దీని జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ ఒకే జంతువు కణంలో, పంది లాంటిదాంట్లో, కలిశాయనుకోండి, ముక్కలు పేకముక్కల్లా కలగలిసి పూర్తిగా కొత్త వైరస్ పుడుతుంది. అప్పుడు దాన్ని గుర్తుపట్టేవాళ్ళు లోకంలో దాదాపు ఉండరు. 1957, 1968, 2009ల్లో వచ్చినవి అలా కలగలిసి పుట్టినవే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి దేశదేశాల్లో ప్రయోగశాలలతో నిఘా పెట్టింది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు టీకాలో పెట్టాలో చెప్తుంది. తయారీకి ఆరు నెలలు, ఎక్కువభాగం ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. ఈ ఆరు నెలల్లో వైరస్ వేషం మార్చిందా, గురి తప్పుతుంది. 2014-15లో అమెరికాలో అదే జరిగింది, టీకా 20 శాతం కూడా పనిచేయలేదు.

ఒక చిన్న ముచ్చట. ఫ్లూ వైరస్‌ల్లో బి అనే రకంలో యమగాట అనే శాఖ 2020 మార్చి తరవాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనబడలేదు. కరోనా జాగ్రత్తల దెబ్బకు మాయమైపోయినట్టుంది. అందుకే నాలుగు రకాల వైరస్‌ల మీద పనిచేసే టీకాను మళ్ళీ మూడు రకాలకు తగ్గిస్తున్నారు. "మూడే ఉన్నాయి, పాత సరుకు అంటగట్టారు" అని ఎవరూ గొడవ పడకండి.

వానాకాలం_చదువు

గురి తప్పిన సంగతి మీరే ఒప్పుకున్నారు, మంచిది. ఇంకోటి కూడా ఒప్పుకోండి. 1976లో అమెరికాలో పంది ఫ్లూ వస్తోందని హడావిడిగా కోట్లమందికి సూదులు వేశారు. ఆ ఫ్లూ రానేలేదు. టీకా వల్ల మాత్రం కొందరికి కాళ్ళు చేతులు పడిపోయాయి. ఇది నేను కల్పించింది కాదు.

నిర్వాహకుడు

అడిగే తీరు కొంచెం మెత్తగా ఉండనివ్వండి వానాకాలం గారూ. ప్రశ్న మాత్రం ఉంటుంది, తీసేయను.

స్టెతస్కోపు

తీయకండి, సరైన ప్రశ్న. ఆయన చెప్పింది నిజమే. గియాన్-బారే సిండ్రోమ్ అంటారు, మన రక్షణ వ్యవస్థే మన నరాల మీద పడుతుంది. కాళ్ళలో బలహీనత మొదలై పైకి పాకుతుంది. 1976లో సుమారు నాలుగున్నర కోట్ల మందికి టీకా వేస్తే, లక్షకు ఒకరు చొప్పున ఈ జబ్బు అదనంగా వచ్చింది. కార్యక్రమాన్ని ఆపేశారు. ఆపడం సరైన పనే.

ఆ తరవాత ఏటా టీకాల మీద ఆ కన్ను వేసే ఉంచారు. ఇప్పటి టీకాలతో ఏమైనా ఎక్కువ ఉంటే అది పది లక్షలకు ఒకటి రెండు కేసుల లోపే అని తేలింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫ్లూ జబ్బు వచ్చినా ఈ సిండ్రోమ్ రావచ్చు, టీకా వల్ల కన్నా ఆ అవకాశమే ఎక్కువ. ఇంతకుముందు టీకా వేసిన ఆరు వారాల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా మళ్ళీ వేయించుకోకూడదు. పాత డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్ళూ అంతే. గుడ్డు పడదని మానేసేవాళ్ళు ఉంటారు, ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు.

మీ భయంలో నాకు తప్పు కనబడలేదండి. తూకంలో రెండో పళ్ళెం కూడా చూడమంటున్నాను. ఊపిరితిత్తుల గురించే మాట్లాడుతున్నాం కానీ, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నేను ఎక్కువ భయపడేది గుండె గురించి. 2018లో కెనడా నుంచి ఒక అధ్యయనం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పరీక్షలో ఫ్లూ అని తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మిగతా రోజులకన్నా ఆరు రెట్లు ఉంది. జ్వరంతో గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో మంట వల్ల రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పగిలి గడ్డ కట్టే వీలు పెరుగుతుంది. జనం దాన్ని ఫ్లూ ఖాతాలో వేయరు. "గుండెపోటుతో పోయారు" అంటారు, అంతే.

గాలిపటం_82

అందరికీ థాంక్స్. నాన్న ఇవాళ మెట్ల దాకా వెళ్ళొచ్చారు.

నన్ను తొలుస్తున్నది మొదటి పోస్టులో రాయలేకపోయాను. ఆ హాల్లో కూర్చున్నది నేను. రెండు రోజులు గదిలో ఉండుంటే ఇదంతా జరిగేది కాదేమో. అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నైట్‌డ్యూటీ

తమ్ముడూ, ఫ్లూ లక్షణాలు కనబడక ముందు రోజు నుంచే పక్కవాళ్ళకు అంటుతుంది. నువ్వు శుభ్రంగా ఆఫీసుకు వెళ్ళిన పొద్దున, నాన్నతో కూర్చుని టిఫిన్ చేసి ఉంటావుగా? అప్పటికే నీలో ఉంది. తరవాత ఐదు నుంచి ఏడు రోజులు అంటిస్తూనే ఉంటుంది, నిజమే. గదిలో ఉంటే, మాస్కు పెట్టుకుంటే, కిటికీలు తీస్తే కొంత తగ్గేది. కానీ అదే కారణమని ఎవరూ తేల్చలేరు.

మా దగ్గర స్టాఫంతా ఏటా టీకా వేసుకుంటాం. మాకోసం అనుకుంటారు అందరూ. కాదు, పక్క మీద ఉన్న మనిషికి మేం అంటించకూడదని. పెద్దవాళ్ళలో టీకా అంత గట్టిగా పట్టదు, అందుకే 65 దాటినవాళ్ళకు ఎక్కువ మోతాదు టీకా అని వేరే ఉంది. అది దొరకకపోతే మామూలుదే వేయించు, దానికోసం ఆగకు. దాంతోపాటు నువ్వూ, అమ్మా కూడా వేయించుకోండి.

స్టెతస్కోపు

దీనికి ఒకటి కలుపుతాను. మళ్ళీ ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే నాన్నగారి కోసం మొదటి రోజే డాక్టరును కలవండి. ఒసెల్టామివిర్ అనే యాంటీవైరల్ మందు ఉంది. 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనికొస్తుంది. తీవ్రంగా ఉన్నవాళ్ళకు ఆలస్యమైనా ఇస్తాం, కానీ ఆ ఫలితం వేరు. సొంతంగా కొనుక్కుని దాచుకోవద్దు.

వానాకాలం_చదువు

డాక్టరు గారూ, ఒక సొంత విషయం. ఇక్కడ అడగొచ్చో లేదో.

నాకు రెండేళ్ళ కిందట స్టెంటు వేశారు. రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకుంటాను. సూది పొడిస్తే రక్తం ఆగదేమో అని కూడా ఒక భయం ఉంది నాకు. పైన అంత వాదించాను కానీ ఈ మాట బయటికి రాలేదు. ఆ ఆరు రెట్లు అన్నది స్టెంటు ఉన్నవాళ్ళకు కూడానా?

స్టెతస్కోపు

ఆ ఆరు రెట్ల లెక్క ఫ్లూ తేలినవాళ్ళలో గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరినవాళ్ళందరి మీదా వేసింది. మీ ఒక్కరికి ఎంత అని చెప్పలేను. కానీ గుండె జబ్బు ఉన్నవాళ్ళకు టీకా తప్పక వేయించుకోమని గుండె డాక్టర్లే చెప్తారు. ఇప్పటిదాకా మీకు ఎవరూ చెప్పకపోతే అది మావాళ్ళ తప్పు.

రక్తం సంగతికి భయం లేదు. వేసేవాళ్ళకు మాత్ర విషయం ముందే చెప్పండి, సన్నటి సూది వాడతారు. తీశాక దూది పెట్టి కనీసం రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. రుద్దకండి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

వానాకాలం_చదువు

సరే. ఏ చేతికి వేయించుకోవాలి? మొన్నటిసారి కుడిచేతికి వేశారు, రెండు రోజులు గ్లాసు కూడా ఎత్తలేకపోయాను.

నైట్‌డ్యూటీ

అయితే ఈసారి ఎడమ చేతికి వేయించుకోండి అన్నయ్యగారూ. చొక్కా చెయ్యి వదులుగా ఉండేది వేసుకుని వెళ్ళండి.

లెక్కల_మాస్టారు

మా ఆవిడా నేనూ శనివారం వెళ్తున్నాం. రెండు చేతులు చొప్పున నాలుగు చేతులకు రెండు సూదులు. యాభై శాతం.

వానాకాలం_చదువు

వేయించుకుని వచ్చాను. ఎడమ చేతికే. రెండు నిమిషాలు గడియారం చూసుకుంటూ నొక్కిపట్టాను, ఒక్క చుక్క రాలేదు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నాది ఎడమచేతి వాటం. మీరడగలేదు, నేను చెప్పలేదు. ఇదంతా కుడిచేత్తో ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ రాస్తున్నాను.